చెయ్యి పడని బడి

ఏడో దెబ్బకి మోషే తల తిప్పాడు. వీపు మీద పడవలసిన చింతబరికె చెవి మీద పడింది. వాడు కేక వెయ్యలేదు. ఎడమ చెవిని అరచేత్తో మూసుకుని నేల మీద కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు మోచేతి దాకా కారింది.

కొట్టింది వాడి అక్క సుగుణ.

"ఇంకా మూడున్నాయి," అన్నారు హెడ్మాస్టరు ధనుంజయరావు గారు, కుర్చీలోంచి కదలకుండా.

"నెత్తురొస్తందండీ మేస్టారండీ."

"పదమూడో ఎక్కం రాని వెధవకి నెత్తురు కాక తేనె వస్తుందా? కానియ్యి."

మిగిలిన మూడూ వీపు మీదే పడ్డాయి. గట్టిగానే పడ్డాయి.

అది దివిసీమలో, అవనిగడ్డకు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఒక బోర్డు స్కూలు. అంటరానితనం నేరమని చట్టం వచ్చి రెండేళ్లయింది. అందుచేత హరిజన పేట పిల్లల్ని లోపలే కూర్చోనిచ్చేవారు, అందరికన్నా వెనక, గోడ వారన. అక్కడితో చట్టాన్ని గౌరవించడం అయిపోయింది. ధనుంజయరావు గారు వాళ్లను ముట్టుకోరు. ముట్టుకోకుండా కొట్టడం ఎలాగన్నదే ఆయనకొచ్చిన చిక్కు.

ఆయన బల్ల మీద ఒక పేము బెత్తం ఉండేది. అది ఊరి పిల్లల కోసం. వాళ్ల తండ్రులు బడి కమిటీలో ఉన్నారు కనుక, దానితో ఆయన బల్లను కొట్టేవారే తప్ప పిల్లల్ని కొట్టేవారు కాదు. అలాంటి బెత్తం పేట పిల్లల ఒంటికి తగిలితే మళ్లీ ఆయన చేతికి ఎలా వస్తుంది? కనుక వాళ్లకు వేరే చింతబరికె. దాన్ని బయట తాటాకు చూరులో దోపి ఉంచేవారు. పేట పిల్లల్లోనే ఒకరు దాన్ని తీసి తమవాళ్లను కొట్టాలి. ఐదో తరగతి చదువుతున్న సుగుణ రెండేళ్లుగా ఆ పని చేస్తోంది.

దానికొక పద్ధతి కూడా ఉంది. మెల్లగా కొట్టిన దెబ్బ లెక్కలోకి రాదు. దానికి బదులు మరో రెండు కొట్టాలి. మొదట్లో సుగుణ జాలిపడి మెల్లగానే కొట్టేది. ఆ జాలి పుణ్యమా అని రెండో తరగతి చిలకమ్మ ఒకనాడు ఐదు దెబ్బలకి పదిహేను తింది. ఆ రోజు నుంచి సుగుణ గట్టిగా కొట్టడం నేర్చుకుంది, త్వరగా అయిపోతుందని. పన్నెండేళ్ల పిల్ల దయకు ఆ బళ్లో అంతకన్నా దారి దొరకలేదు.

కబురు అందగానే వాళ్లమ్మ రావమ్మ నాట్లలోంచి బురద కాళ్లతో పరుగెత్తుకొచ్చింది. పూట మధ్యలో మడి వదిలి వచ్చినందుకు ఆ రోజు కూలి పన్నెండణాలూ పోయినట్టే. మెట్ల కింద నిలబడి కొడుకు చెవి చూసుకుంది.

"ఎవురు కొట్టారండీ నా బిడ్డని?"

"నేను ముట్టుకోలేదు," అన్నారు ధనుంజయరావు గారు. అది నిజమే. "అదుగో, ఆ పిచ్చేశ్వరరావూ ముట్టుకోలేదు. నీ కూతురే నీ కొడుకుని కొట్టింది. ఇంటికెళ్లి మీలో మీరు తేల్చుకోండి. మధ్యలో బడినెందుకు లాగుతావు?"

పిచ్చేశ్వరరావు గుడివాడ నుంచి వచ్చిన కొత్త మాస్టరు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అతను ఇటు తిరగకుండా నల్లబల్ల తుడుస్తూ ఉండిపోయాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

రావమ్మ కొడుకుని భుజాన వేసుకుని అవనిగడ్డ ఆసుపత్రికి నాలుగు మైళ్లూ నడిచింది. డాక్టరు చెవిలో దీపం వేసి చూసి, లోపల పొర చిరిగిందనీ, ఆ చెవి ఇక పనికిరాదనీ చెప్పాడు. ఎవరు కొట్టారని అడిగాడు. ఆమెకు "ఆడి అక్కేనండీ" అనక తప్పలేదు. ఇంటి గొడవ అని ఆయన చీటీలో రాసుకున్నాడు.

పొద్దు వాలుతుండగా ఇంటికి చేరింది. చేరుతూనే సుగుణ జుట్టు పట్టుకుంది. పొయ్యి దగ్గరున్న సరుగుడు పుల్ల అందుకుని వీపనక చెయ్యనక ఎక్కడ పడితే అక్కడ బాదింది.

"తోడబుట్టినోణ్ణి చెవిటోణ్ణి చేశావు గదే. నీ చేతులిరిగిపోను. నీకు మనసెట్టా ఒప్పిందే?"

మొగుడు విల్సన్ అడ్డం వస్తే అతనికీ రెండు తగిలాయి. పుల్ల విరిగింది. సుగుణ ఏడవలేదు.

"మెల్లిగా కొడితే లెక్కలోకి రాదమ్మా," అంది. "పది కాస్తా ముప్పయ్యైపోద్ది. ఆడు ఓర్చుకోలేడని గట్టిగా కొట్టేశా."

రావమ్మ చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఆగిపోయింది. రెండేళ్ల కిందట, పంతులుగారు మా సుగుణ చేతికి బరికె ఇచ్చారని పేటంతా చెప్పుకుని మురిసింది తనే. ఊరి బళ్లో తన కూతురికి పెత్తనం ఇచ్చారనుకుంది. ఆదివారం ప్రార్థన కాగానే అందరికీ పటికబెల్లం పంచింది. తన కొడుకుని తన కూతురి చేత కొట్టించుకోవడానికి పంచిన పటికబెల్లం అని ఇప్పుడు అర్థమైంది. సిగ్గుతో, కోపంతో ఆమెకు ఒళ్లు మండిపోయింది. కూతుర్ని ఒళ్లోకి లాక్కుని, తను కొట్టిన వాతల మీద చెయ్యి వేసి, గొంతెత్తి ఏడ్చింది. అప్పుడు ఏడ్చింది సుగుణ కూడా. మోషే కుడి చెవి ఇటు తిప్పి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

చీకటి పడకముందే పిచ్చేశ్వరరావు వచ్చాడు. మోషే బళ్లో వదిలేసిన పలక తెచ్చాడు. పేటలోకి రాకుండా కాలవగట్టు మీదే నిలబడి రావమ్మను పిలిచాడు. సుగుణ తల్లి వెనకే వెళ్లింది.

"చూడు రావమ్మా, బళ్లో బీరువాలో ఒక పుస్తకం ఉంటుంది," అన్నాడు గొంతు తగ్గించి. "పిల్లల్ని కొట్టవలసి వస్తే హెడ్మాస్టరొక్కరే కొట్టాలి. ఏ తారీఖున, ఎవర్ని, ఏ తప్పుకి, ఎన్ని దెబ్బలు కొట్టారో అందులో రాయాలి. ఇన్స్పెక్టరు గారు చూస్తారు. నాలుగేళ్లుగా ఆ పుస్తకంలో ఒక్క ముక్క లేదు. కొట్టేది ఆయన కాదు గదా. పోయినేడు ఇన్స్పెక్టరు గారు ఈ బళ్లో దండన అన్నదే లేదు, చాలా సంతోషం అని రాసి వెళ్లారు."

"మరి తమరు చెప్పలేదేందండీ ఆయనతో?"

"నేనప్పటికి రాలేదు."

"వచ్చినాక?"

అతను పలక ఆమె చేతిలో పెట్టాడు. "నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదమ్మా. ఇంటి దగ్గర నలుగురున్నారు. నేను చెప్పానని అనకండి." అంటూనే గబగబా వెళ్లిపోయాడు.

మర్నాడు తెల్లవారుతూనే కామందు విల్సన్ని పిలిపించి, పంతులుగారితో తగువు పెట్టుకుంటే పాలేరుతనం ఊడుతుందని చెప్పాడు. విల్సన్ ఇంటికొచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు.

"మనకెందుకే ఇయ్యన్నీ. బడి మానెయ్యి తల్లీ," అంది రావమ్మ.

"నేను మానేస్తే బరికె ఇంకోళ్లకిస్తాడమ్మా," అంది సుగుణ. తల దువ్వుకుని, పుస్తకాలు చంకన పెట్టుకుని వెళ్లింది.

ఆ రోజు చిలకమ్మ బలపం లేకుండా వచ్చింది. ధనుంజయరావు గారు ఐదు దెబ్బలన్నారు.

"సుగుణా, బరికె తీసుకురా."

సుగుణ లేచింది. బయటికి పోకుండా నేరుగా వచ్చి చిలకమ్మ ముందు నిలబడింది.

"నేను కొట్టనండీ."

"ఏమన్నావ్?"

"నేను కొట్టనండీ మేస్టారండీ. కొట్టాలంటే తమరే కొట్టండి."

ఆయన గోడ వారన ఉన్న పిల్లల వైపు చూశారు. "ఒరేయ్, ఎవరో ఒకరు లేవండిరా. ముందు దీని పొగరు దించండి. పది."

ఎవరూ లేవలేదు. అది ధైర్యమని చెప్పలేం. మోషే కూర్చునే చోటు ఖాళీగా ఉంది. వాళ్లు దాని వైపే చూస్తూ బిగుసుకుపోయారు. ఆయన రెండోసారి అరిచారు. ముందు వరసలో ఊరి పిల్లాడెవడో కిసుక్కున నవ్వాడు.

ఆ నవ్వుతో ఆయనకు ఒళ్లు తెలియలేదు. పేము బెత్తం అందుకుని ఒక్క దూకున వచ్చారు. మొదటి దెబ్బ సుగుణ భుజం మీద పడింది. రెండోది, అడ్డం పెట్టుకున్న చేతి మీద. మూడోది చెంప మీద పడి పెదవి చిట్లింది. ఆ పిల్ల తూలి, చిలకమ్మ మీద పడకుండా బల్ల పట్టుకుంది. నాలుగో దెబ్బ బల్ల పట్టుకున్న వేళ్ల కణుపుల మీద పడింది. చిందిన నెత్తురు ఆయన ముంజేతి మీద, తెల్లటి పంచె మీద చుక్కలుగా పడింది.

ఆయన చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. ముంజేతి వైపు చూసుకున్నారు. తను ఏం చేశారో అప్పుడు తెలిసినట్టుంది.

సుగుణ పైటకొంగు పెదవికి అదుముకుంది. వేళ్లు వంగడం లేదు. ఆయన్ని దాటి, కిటికీ దగ్గర నిలబడిపోయిన పిచ్చేశ్వరరావు వైపు తిరిగింది.

"నాలుగండీ," అంది. "రాయండి."

బీరువా తాళంచెవి పిచ్చేశ్వరరావు జేబులోనే ఉంది.