ఐదు వేల సభ్యత్వం

హీరో పేరు చెప్పను. చెబితే రేపు పొద్దున నా ఫ్లెక్సీ షాపు అద్దాలు ఉండవు. జహీరాబాద్‌లో ఆయన అభిమాన సంఘానికి బ్యానర్లు కొట్టేది నేనే కాబట్టి, మహాసభ ఏర్పాట్ల మీటింగ్ కూడా నా షాపులోనే పెట్టుకున్నారు. కుర్చీలు నావి, చాయ్ నాది, తెలివి మాత్రం ఎవరిదీ కాదు.

మహాసభకు హీరో స్వయంగా వస్తున్నాడు. సభ్యత్వం తీసుకున్నవాళ్లకు భోజనం, ఆయన పక్కన నిలబడి ఫొటో. దానికి రుసుం ఎంత పెట్టాలన్నదే ఆ రోజు ముచ్చట.

"హాల్ కిరాయి, అన్నం ఖర్చు కలిపి మనుషుల లెక్కన పంచున్రి. ఆరు వందలు దాటదు," అన్నాను.

సంఘం అధ్యక్షుడు రాకేశ్ నా వైపు జాలిగా చూశాడు. ప్లాట్లు అమ్ముకునే మనిషి, జాలి బాగా వచ్చు.

"గా లెక్కలు కిరాణం దుకాణానికి మల్లన్నా. గిది అభిమానం. రేటు అభిమానులే చెప్తరు." తర్వాత అందరి వైపూ తిరిగాడు. "అన్న పక్కన నిలబడనీకి ఎవలు ఎంత పెడ్తరు?"

అంతే, గణేశ్ లడ్డూ వేలంపాట మొదలైనట్టే అయింది. చిరాగ్‌పల్లి వాళ్లు వెయ్యి అన్నారు. కోహీర్ నుంచి వచ్చిన అఖిలేష్ మీసం దువ్వుకుని రెండు వేలన్నాడు. అప్పుడు మా బావ నర్సింలు లేచాడు.

మా బావ ఝరాసంగం రూటులో షేర్ ఆటో నడుపుతాడు. ఇరవై రెండేళ్లుగా సినిమా రిలీజైన రోజు ఆటో తీసిన పాపాన పోలేదు. హీరో పక్కన ఒక్కసారి ఫొటో దిగి ఆటోలో పెట్టుకోవాలన్నది ఆయన ఆశ. అంతకంటే పెద్ద ఆశ ఆయనకు లేదని మా అక్క నారమ్మకు పెళ్లయిన వారానికే తెలిసింది.

"ఐదు వేలు!" అని ఛాతీ చరుచుకున్నాడు బావ. "దిల్ ఉన్నోడు పెడ్తడు. లేనోడు ఇంట్ల టీవీ చూస్కుంటడు."

చప్పట్లు మోగాయి. కోహీర్ వాళ్ల తలలు వంగాయి. రాకేశ్ ఐదు వేలని రాసుకున్నాడు. పాడింది ఒక్కడే అయినా కట్టాల్సింది అందరూ అన్న సంగతి ఆ గొర్రెల్లో ఒక్కరికీ తట్టలేదు. లడ్డూ వేలంలో కనీసం ఓడినవాడి జేబు భద్రంగా ఉంటుంది.

బయటికొచ్చాక బావను ఆపాను. "అవి టైర్లకు పెట్టుకున్న పైసలు గద బావా. ఉన్నయి మొత్తం అరిగినయ్."

"ఊకో మల్లికార్జున్. నేనే అని నేనే కట్టకుంటే ఇజ్జత్ ఉంటదా?"

కట్టాడు. అఖిలేష్ కట్టలేదు. మహాసభకు రెండు రోజుల ముందు చూస్తే మొత్తం ముప్ఫై ఒక్కమంది తేలారు. ఎనిమిది వందల కుర్చీల హాలు! రాకేశ్ పరుగున వచ్చి కొత్త ఫ్లెక్సీ కొట్టమన్నాడు. సభ్యత్వం మూడు వందలు, అదే భోజనం, అదే ఫొటో.

"మరి ముందు కట్టినోళ్లు?"

"వాళ్లు అసలైన అభిమానులన్నా. అడగరు."

కొట్టిచ్చాను. ఆర్డరు వదులుకునేంత నీతి నాకూ లేదు.

మహాసభ రోజు జనం విరగబడ్డారు. హీరో పావుగంట ఉన్నాడు. ఒక్కో ఫొటోకు ఇరవై మందిని తోశారు. ప్రింట్ తీసింది నేనే కాబట్టి చెబుతున్నాను, మా బావ మొహం ఉండాల్సిన చోట అఖిలేష్ మోచేయి ఉంది. దాని వెనక ఒక చెవి కనిపిస్తుంది. అది తన మొగుడిదేనని మా అక్క గుర్తుపట్టింది. మూడు వందల అఖిలేష్ మాత్రం హీరో భుజం పక్కనే పళ్లికిలించాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. వారం తర్వాత మళ్లీ నా షాపులోనే మీటింగ్. బావ లేచాడు. రాకేశ్ కాలర్ పట్టుకుంటాడు, నా కుర్చీలు నాలుగు విరిగినా సరే అనుకున్నాను.

"గిట్లనేనా చేసేది రాకేశన్నా?" బావ కళ్లలో నీళ్లు. "మూడు వందలు పెట్టిన్రు, తొవ్వల పొయ్యేటోళ్లంత వచ్చిన్రు. అసలైనోనికి జాగ ఏది? వచ్చేసారి పది వేలు పెట్టున్రి!"

రాకేశ్ తలెత్తకుండా రాసుకున్నాడు. మా బావ కళ్లు తుడుచుకుని, ఇంకెవడైనా ఎక్కువ అంటాడేమోనని షాపంతా కలియజూశాడు.