ఆమె పక్కన చోటు

సంఘం గదిలో ఎడమవైపు ఎగువపేటకు పన్నెండు కుర్చీలు, కుడివైపు దిగువపేటకు పన్నెండు. బంట్రోతు దారం పట్టి చూసి కుడి వరసను బెత్తెడు వెనక్కి లాగాడు. పోయిన నెల దిగువపేట వాళ్ల కుర్చీలు కిటికీకి నాలుగు వేళ్లు దగ్గరగా ఉన్నాయని ఎగువపేట సభ్యుడొకాయన అలిగి వెళ్లిపోయాడు. రెండు పేటలూ ఒకరినొకరు నరుక్కున్న ఏడాది రాసుకున్న ఒప్పందాన్ని, ఇరవై రెండేళ్లుగా ఈ పెద్దమనుషులు ఇలా కుర్చీలు కొలిచి కాపాడుతున్నారు.

బంట్రోతు దిగువవాడు. మోకాళ్లు వాచిన బక్కమనిషి. చొక్కా కాలరు చిరిగితే తిరగేసి కుట్టించుకున్నాడు. గొడవలకు ముందే ఎగువపేట పిల్లను చేసుకున్నాడు. మూడేళ్ల కిందట ఆమె పోతే, పుట్టిన పేటను బట్టి ఎగువ శ్మశానంలో పూడ్చారు. తను పోతే ఆమె పక్కనే పూడ్చమని అర్జీ పెట్టుకున్నాడు. ఆ ఒక్క ముక్క తేల్చడానికి ఈ మహానుభావులకు మూడేళ్లు చాలలేదు. ఇవాళ తేలుస్తారట.

పదకొండింటికి అర్జీ చదివారు. బంట్రోతు టీలు అందిస్తూనే చెవులు అటే పెట్టాడు.

"దిగువవాడొకడు పైకొస్తే, ఎగువవాడొకడు కిందికి పోవాలి కదా. లేకపోతే సమతూకం ఏం కావాలి?" అన్నాడు ఎగువ అధ్యక్షుడు, బిస్కెట్టు టీలో ముంచుతూ. దిగువ అధ్యక్షుడు నిజమేనన్నట్టు తలూపాడు. ఇన్నేళ్లలో ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

గుమ్మం దగ్గర నిలబడ్డ బంట్రోతు బావమరిది ముందుకొచ్చాడు. ఎగువ శ్మశానంలో గుంటలు తవ్వేది అతనే.

"నేను పోతానండీ కిందికి. నేను చచ్చాక దిగువ శ్మశానంలోనే పూడ్చండి. మా బావని మా అక్క పక్కన పడుకోనివ్వండి. కావాలంటే ఇప్పుడే వేలిముద్ర వేసిస్తా."

బంట్రోతు సంతోషంతో ట్రే కింద పెట్టేశాడు. ఇంత దగ్గరి దారి తనకు తట్టనే లేదు.

"నువ్వు బతికే ఉన్నావు కదయ్యా," అన్నాడు దిగువ అధ్యక్షుడు, మహా ఓపిగ్గా. "ఒప్పందం ప్రకారం శవానికి శవం. బతికున్నవాణ్ణి లెక్కలో ఎలా కలుపుకుంటాం?"

"మరి ఎప్పుడు చావమంటారు?"

గడియారం చూసుకుని సభ్యులంతా భోజనాలకు లేచారు.

బంట్రోతు అతణ్ణి వరండాలోకి తీసుకొచ్చి, మిగిలిన టీ గ్లాసులో పోసిచ్చాడు.

"ఊరుకోరా. అంత మాట అన్నావు, నాకదే పదివేలు."

"నీకు చాలొచ్చు బావా. నాకు చాల్లేదు," అని బావమరిది టీ ముట్టకుండానే వెళ్లిపోయాడు.

ఖాళీ గ్లాసులు ఏరుతుంటే బంట్రోతుకు ఊపిరి అందలేదు. దగ్గరున్న కుర్చీలో కూలబడ్డాడు. అది ఎగువ వరసలో మూడోది. అతను ఆ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి. మళ్లీ లేవలేదు.

భోంచేసి వచ్చిన సభ్యులకు ముందు కనిపించింది ఎగువ కుర్చీలో దిగువవాడు. "లేవయ్యా, ఏం పోయేకాలం," అని ఒకాయన కసిరాడు. భుజం పట్టి కుదిపాక గానీ సంగతి అర్థం కాలేదు. సంతాపంగా రెండు నిమిషాలు మౌనం పాటించారు, ఎగువవాళ్లు ఒక నిమిషం, దిగువవాళ్లు ఒక నిమిషం. ఎగువవాళ్లు ఎవరూ చావలేదు గనుక, బదులు శవం లేదని అర్జీ కొట్టేశారు. పొద్దు వాలకముందే అతణ్ణి దిగువ శ్మశానంలో పూడ్చారు.

బావమరిది అక్కడికి రాలేదు. కబురు తెలిసిన దగ్గర్నుంచీ అక్క పక్కనే తవ్వుతూ ఉన్నాడు. ఆ గుంట పూడ్చెయ్యమని సంఘం ఒక మనిషిని పంపింది. అతను ఆ మనిషి మొహం కూడా చూడకుండా ఇంటికి నడిచాడు. ఆమె పక్కన ఆరడుగుల గుంట అలాగే ఉండిపోయింది, గట్టు మీది మట్టికుప్పలో నిలువునా గుచ్చిన గడ్డపారతో.