గోడకు ఇవతల

సమాధానం సరుగుడు చెట్ల కింద ఇసకలో కూర్చుని కుడి మోకాలికి పట్టీ చుట్టుకుంటున్నాడు. చుట్టడం, లేచి కాలు విదిలించి చూడడం, మళ్లీ కూర్చుని విప్పడం. బిగువు కుదరడం లేదు. అతనివి మొద్దు వేళ్లు. గోళ్ల చివర బొగ్గు నలుపు ఎంత రుద్దినా పోదు. యాభై దాటిన మనిషి. పొట్టిగా ఉంటాడు గానీ భుజాలు వెడల్పు. ఆ భుజాల మీద పసుపు బనీను అతుక్కుపోయి ఉంది. వీపున ‘ముత్తుకూరు మార్నింగ్ బ్యాచ్’ అని రాసి ఉంది.

మైపాడు తీరంలో ఆ ఆదివారం అడ్డంకుల పరుగు పోటీకి అన్నీ సిద్ధం చేశారు. బురద గుంట, దాని మీద తక్కువ ఎత్తులో కట్టిన వల, ఇసక మూటలు, ట్రాక్టరు టైర్లు, మోకులు. అన్నిటికన్నా చివర, మనిషిన్నర ఎత్తున నున్నటి చెక్క గోడ.

పొద్దున బయల్దేరుతుంటే భార్య లిల్లీ గుమ్మంలో అడ్డం నిలబడింది.

“నీ ఈడోళ్లు సంఘంలో పెద్దలైనారు. నువ్వు ఆరాధన మానుకోని బురదలో పొర్లాడేదానికి పోతుండావు.”

సమాధానం నవ్వి, పక్కనుంచి తప్పుకుని పాత మోపెడ్ ఎక్కాడు. నిన్నటి నుంచీ రొమ్ములో ఏదో పట్టేసినట్టు ఉందని ఆమెకు చెప్పలేదు. చెబితే పోనివ్వదు. గ్యాసే అయి ఉంటుందనుకుని సోడా తాగాడు.

ముత్తుకూరు దగ్గర కరెంటు ప్లాంటులో బొగ్గు మోసే బెల్టు కింద పని అతనిది. బెల్టు మీద నుంచి జారిన బొగ్గును పారతో ఎత్తి మళ్లీ బెల్టు మీదికే వేయాలి. వేసిన కాసేపటికి ఇంకొంత జారుతుంది. కాంట్రాక్టర్లు మారినప్పుడల్లా తల మీది టోపీ రంగు మారింది గానీ పార మారలేదు. ఆ మోతలో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. చెయ్యి ఊపితే పోవాలి, అంతే. సూపర్‌వైజరుకు అతని పేరు తెలుసో లేదో సమాధానానికి ఎన్నడూ తెలియలేదు.

షుగరు వచ్చిందని, పొద్దునపూట నడవమని డాక్టరు చెబితే హైస్కూలు గ్రౌండుకు వెళ్లడం మొదలుపెట్టాడు. అక్కడే కిషోర్ బాబు బ్యాచ్ కసరత్తు చేసేది. కిషోర్ బాబు మిలిటరీలో చేసి వచ్చినవాడు, మాట గట్టి. ఒకరోజు వాళ్లకు ప్రహరీ గోడ ఎక్కడం సాధ్యపడక, పక్కన నడుస్తున్న సమాధానాన్ని పిలిచారు. “అన్నా, కొంచెం ఒంగుతావా?”

ఒంగాడు. ఒకరి తర్వాత ఒకరు అతని భుజాల మీద కాలు పెట్టి గోడెక్కారు. చివర పైనుంచి ఇద్దరు వంగి మణికట్లు పట్టుకుని అతన్నీ లాగేశారు. గోడ మీద కూర్చుంటే వీధి అవతల మేడల మీద ఆరేసిన బట్టలు కనిపించాయి. పక్కన కూర్చున్నవాళ్లు పేరడిగి, చప్పట్లు కొట్టి “సమాధానం! సమాధానం!” అని అరిచారు. ఆ రోజు ఇంటికి వెళ్లి లిల్లీకి ఎలా చెప్పాలో తెలియక ఊరికే రెండుసార్లు నవ్వాడు.

అప్పటినుంచి మూడేళ్లుగా అతను బ్యాచ్‌లో ఉన్నాడు. కావలి, సూళ్లూరుపేట, ఎక్కడ పోటీ జరిగినా గోడ కింద అతనే.

మైకులో పేర్లు పిలుస్తుండగా కిషోర్ బాబు తన జట్టును దగ్గరికి పిలిచాడు. రొయ్యల మేత డీలరు పెంచలప్రసాద్, బ్యాంకులో పనిచేసే అనూష, ఆమె భర్త సుశీల్, సమాధానం.

“ఈసారి రూలు మార్చినారు. ఐదుగురిలో నలుగురు చేరితే టైము లెక్కేస్తారంట.”

అనూష జుట్టు బిగించి కట్టుకుంది. పెంచలప్రసాద్ సముద్రం వైపు చూశాడు.

“ఐదుగురం కలిసే పోదాంలే” అన్నాడు.

“పోదాం” అన్నాడు కిషోర్ బాబు.

ఈల మోగింది. బురదలో వల కింద పాకారు. ఇసక మూటలు ఎత్తుకున్నారు. సగం దూరంలో అనూష కాళ్లు తడబడ్డాయి. సమాధానం ఆమె మూట కూడా రెండో భుజం మీదికి తీసుకున్నాడు. “థ్యాంక్స్ అన్నా” అంది ఆమె. మూటలు దించేసరికి అతనికి ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. విదిలించుకుంటూ అందరి వెనక పరిగెత్తాడు.

గోడ దగ్గర చేతులు చెక్కకు ఆనించి ఒంగాడు. అనూష ఎక్కింది. సుశీల్ ఎక్కాడు. కిషోర్ బాబు బూటు మెడ పక్కన గీరుకుంది. చివర పెంచలప్రసాద్ బరువుకు మోకాలు కలుక్కుమంది గానీ తట్టుకున్నాడు. పెంచలప్రసాద్ గోడ మీద బోర్లా పడుకుని, ఎప్పటిలాగే, చెయ్యి కిందికి చాచాడు. సమాధానం ఎగిరాడు. వేళ్లకు వేళ్లు తగిలాయి.

అవతలి నుంచి కిషోర్ బాబు కేక వినబడింది. “ప్రసాదూ, దిగు! నలుగురం చాలు! ఎనకాల తిరుపతోళ్లు వస్తుండారు!”

పెంచలప్రసాద్ ఒక్క క్షణం అతని ముఖంలోకి చూశాడు. “అన్నా... నిదానంగా రా” అన్నాడు. చెయ్యి పైకి వెళ్లిపోయింది. అవతల ఇసకలో దూకిన చప్పుడు, తర్వాత దూరమవుతున్న అడుగులు.

తిరుపతి జట్టు వచ్చి, ఒకరినొకరు లాక్కుని దాటిపోయింది. సమాధానం పక్కకు జరిగి నిలబడ్డాడు. రమ్మని వాళ్లు అనలేదు, తనను లాగమని అతనూ అడగలేదు.

చాలాసేపటికి, జట్టు లేకుండా ఒంటరిగా పోటీలో దిగిన ఒకామె వచ్చింది. ఇందుకూరుపేట బళ్లో టీచరు, పేరు అబిగయీలు. రెండుసార్లు ఎగిరి జారిపడింది.

“భుజం మీద కాలు పెట్టమ్మా” అన్నాడు సమాధానం.

“మీవాళ్లు లేరా?”

“ముందుకు పోయినారు.”

ఆమె సంకోచిస్తూనే ఎక్కింది. పైకి చేరాక కూర్చుని చెయ్యి చాచింది. “రండన్నా, పట్టుకుంటా.”

“నీవల్ల కాదమ్మా. ఇద్దరం పడతాం. పో నువ్వు.”

“ముఖమంతా చెమట్లు పడుతుండాయే. నీళ్లు తెచ్చేదా?”

“ఎండకు. కాసేపు కూర్చోనొస్తాను.”

ఆమె దిగి వెళ్లాక సమాధానం గోడ నీడలో చతికిలబడి వీపు చెక్కకు ఆనించాడు. అవతల మైకులో ముత్తుకూరు జట్టుకు మూడో స్థానం వచ్చిందని చెప్పారు. చప్పట్లు వినిపించాయి. నాలుగు పేర్లు చదివారు. అతను ఐదో పేరు కోసం కాసేపు విన్నాడు. తర్వాత తల వాల్చాడు.

అబిగయీలు గమ్యం దాటగానే పసుపు బనీన్లను వెతుక్కుంటూ వెళ్లింది. నలుగురూ ఫొటో దిగుతున్నారు.

“మీ మనిషి గోడ దగ్గర కూర్చోనుండాడు. బాగలేనట్టుంది.”

“వస్తాడులేమ్మా. ఆయనకి అలవాటే” అన్నాడు కిషోర్ బాబు కెమెరా వైపు చూస్తూనే.

ఆమె నీళ్ల సీసా తీసుకుని ఒక్కతే వెనక్కి పరిగెత్తింది. సమాధానం అలాగే కూర్చుని ఉన్నాడు. గడ్డం రొమ్మును తాకుతోంది. అరచేతులు ఒళ్లో వెల్లకిలా ఉన్నాయి. “అన్నా” అని పిలిచింది. పేరు తెలియదు. భుజం పట్టి కదిపితే మెల్లగా పక్కకు ఒరిగాడు. ఊపిరి లేదు.

అంబులెన్సు ఇసకలోకి రాలేక రోడ్డు మీదే ఆగింది. అక్కడిదాకా మోసింది జాలర్లు. పెంచలప్రసాద్ ఒక కాలు పట్టుకుని నడుస్తూ ఏడ్చాడు. పోటీ వార్త రాయడానికి వచ్చిన విలేకరిని కిషోర్ బాబు పక్కకు తీసుకెళ్లాడు.

“మా బ్యాచ్ పేరు రాయొద్దన్నా. ఆయన సొంతంగా వచ్చినాడు.”

లిల్లీ చర్చి నుంచి తెల్లచీరతో నేరుగా నెల్లూరు ఆస్పత్రికి వచ్చింది. బురద ఆరి పెళుసుబారిన బనీను చూసి, “దీన్ని తియ్యండి ముందు” అంది.

మధ్యాహ్నానికి గోడను పలకలుగా విప్పి లారీకెత్తారు. టెంట్లు పోయాయి, జనం పోయారు. సరుగుడు చెట్ల కింద ఒక పాత మోపెడ్ మిగిలింది. తిరిగి వెళ్లేటప్పుడు కాలకుండా సీటు మీద తడిపి పరిచిన తువ్వాలు, ఉప్పుగాలికి ఆరి, అట్టలా బిగుసుకుపోయి ఉంది.