తువ్వాలు కింద చేతులు

నేను ఒక తువ్వాలును. ఇంతకు మించిన పేరు నాకెవరూ పెట్టలేదు. ముతక నూలు, ఎర్ర అంచు, నాలుగు మూరల పొడవు. పుట్టింది జాండ్రపేటలో ఒక గుంటమగ్గం మీద. నన్ను నేసినాయన ఆ పూట పెళ్ళాంతో పోట్లాడి వచ్చి కూర్చున్నట్టున్నాడు, నా ఒక చెంగు నేత బాగా బిగిసిపోయింది. ఇన్నేళ్ళు చిరగకుండా బతికానంటే ఆ బిగువే కారణం.

నాతో పాటు అదే పడుగులో పుట్టిన వాటిలో ఒకటి పెళ్ళికొడుకు భుజమెక్కింది. ఇంకొకటి పట్నంలో ప్లీడరుగారింటికి పోయి బీరువాలో కాపురం పెట్టింది. నన్ను పశువుల బేరగాడు మాలకొండయ్య కొన్నాడు. మొదటి రోజే పేడ మరక పడింది. నా తోడబుట్టినవాటి వైభోగం తలుచుకుని కుళ్ళిపోయాను. ఓర్వలేనితనం నాకు పుట్టుకతోనే వచ్చిందని ఒప్పుకుంటాను. ఒప్పుకుని కథ చెప్పడమే మర్యాద.

మొదటి సంతలో కాని నా విలువ నాకు తెలియలేదు. పశువుల సంతలో ధర పైకి చెప్పరు. చెబితే చుట్టూ మూగినవాళ్ళు చెడగొడతారు. అందుకని అమ్మేవాడి చేతి మీద, కొనేవాడి చేతి మీద తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్ళు మాట్లాడుకుంటాయి. పైన మొహాలు మాత్రం వానల గురించి, వడ్ల గురించి చెప్పుకుంటూ ఉంటాయి. ఎన్ని వందల చేతులు నా కింద వణికాయో, ఎన్ని గట్టిపడ్డాయో నాకు తెలుసు. అమ్మేవాడి చెయ్యి ముందు పట్టుకుని, తర్వాత కొనేవాడి చెయ్యి పట్టుకుని, రెండింటికీ నడుమ మిగిలిన తేడాను మాలకొండయ్య ఎలా మింగేవాడో కూడా తెలుసు. ఎవరికీ చెప్పలేదు. గుడ్డ కింద మాట గుడ్డ కిందే ఉండాలి. అది మా వృత్తి.

ట్రాక్టర్లు వచ్చి సంత పలచబడ్డాక మాలకొండయ్య అద్దంకి చేరి ఇళ్ళ బ్రోకరయ్యాడు. నోరు అదే, సరుకు మారింది. ఎద్దు పళ్ళు చూపించే వేళ్ళతోనే గోడలు తట్టి చూపించేవాడు. అంతవరకు నాకు బాధ లేదు. ఆ తర్వాత ఫోను వచ్చింది.

దాన్ని జేబులో, గుండెకు ఆనించి పెట్టుకునేవాడు. నేను భుజం మీద ఎండలో మాడేదాన్ని. రోజుకు వందసార్లు దాని మొహం చూసేవాడు. నాతో మొహం తుడుచుకునేవాడు, అంతే. దానికి పూటపూటా కరెంటు పెట్టేవాడు. నాకు వారానికొక ఉతుకు, అదీ భార్య గుర్తు చేస్తే. ముప్పై ఏళ్ళు నేను కడుపులో దాచుకున్నటువంటి మాటలనే అది స్పీకరు పెట్టి బజారంతా చాటేది. అయినా దానికే మర్యాద. అసూయ నన్ను ఎంత కాల్చిందో చెప్పలేను. ఇస్త్రీ పెట్టె కూడా నన్ను అంత కాల్చి ఉండదు.

ఆ రోజుల్లోనే బాలకోటయ్య, అతని భార్య సామ్రాజ్యం ఇల్లు కావాలని వచ్చారు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆమె జాకెట్లు కుడుతుంది. పేరు సామ్రాజ్యమే గాని ఇరవై ఏళ్ళుగా ఆమె ఏలింది ఒకటిన్నర గది అద్దె కొంప. ఉన్న ఒక్క ఎకరం అమ్మి ఆ డబ్బు పట్టుకుని వచ్చారు. దాంతో ఒక్క ఇల్లే వస్తుంది, ఒక్కసారే వస్తుంది. తప్పు కొంటే దిద్దుకునే వయసు వాళ్ళిద్దరిదీ కాదు.

మాలకొండయ్య వాళ్ళను ముందు పాతూరి సందులో బంగారమ్మ ఇంటికి తీసుకుపోయాడు. మూడు గదుల పెంకుటిల్లు. అమ్మే ఉద్దేశంతో కాదు. ముందు వట్టిపోయిన గేదెను తిప్పి చూపించి, తర్వాత నిగనిగలాడే పడ్డను విప్పడం ఆయన పాత విద్య. బంగారమ్మ ఒకప్పటి ఎడ్ల వ్యాపారి భార్య. ఆయన పోయాక ఒంటరిగా ఉండలేక కందుకూరులో చెల్లెలి దగ్గరికి పోదామనుకుంటోంది. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"ముందు నీళ్ళు తాగండయ్యా. ఇల్లెక్కడికీ పోదు," అంది.

పెరట్లో నుయ్యి. బాలకోటయ్య ఒక గ్లాసు తాగి, రెండోది అడిగి మరీ తాగాడు. సామ్రాజ్యం తల పైకెత్తి పెంకుల సందుల్లో కనబడే ఆకాశాన్ని చూసింది.

"సందులోకి ఆటో కూడా రాదు పెద్దమ్మా," అంది.

"రాదు. అందుకే నా కోళ్ళు ఇంకా బతికున్నాయి."

రెండో ఇల్లు బైపాసు అవతల కొత్త లేఅవుటులో. డాబా, తెల్లటి టైల్సు, గేటు మీద పెద్ద ఆర్చి. ఇవన్నీ ఒక ఎత్తు. దాని పక్కిల్లు సామ్రాజ్యం తోడికోడలు శేషారత్నానిది కావడం ఒక ఎత్తు. శేషారత్నం చిన్నకోడలు. ఇంటికి పెద్దకోడలు అద్దెకుంటుంటే చిన్నకోడలు మూడేళ్ళ కిందట ఇల్లు కొని గృహప్రవేశం చేసింది. ఆ రోజు తిన్న లడ్డు సామ్రాజ్యానికి ఇంకా అరగలేదు.

మాలకొండయ్యకు ఈ సంగతి తెలుసు. బ్రోకరు అమ్మేది ఇల్లు అనుకుంటారు మనుషులు. ఆయన అమ్మేది పక్కవాడి ఇల్లు.

"మీ తోడికోడలుగారి చెల్లెలు వాళ్ళు నిన్ననే చూసి పోయారమ్మా. బాగా మోజు పడ్డారు," అన్నాడు. నిన్న మేమిద్దరం పొద్దుగూకిందాకా టీ కొట్టులో ఉన్నాం.

సామ్రాజ్యం మొహం మారింది. బేరం మొదలైంది. మాలకొండయ్య పది అడుగులు పక్కకు పోయి ఫోను చెవికి పెట్టుకున్నాడు. "ఇంకొంచెం తగ్గించండి సార్, మనవాళ్ళే" అని కాసేపు బతిమాలి, తల అడ్డంగా ఊపుకుంటూ వచ్చాడు. "ఓనరు దిగట్లేదమ్మా. ఉన్నది అడ్వాన్సు ఇచ్చేయండి, తక్కింది లోను పెట్టిద్దాం." నేను ఆయన చెవి పక్కనే ఉన్నాను. అవతల ఎవరూ లేరు. అబద్ధమాడటానికి కూడా నేను పనికిరాకుండా పోయానే అని ఏడుపొచ్చింది.

"అప్పు చేసి ఆర్చి కొందామా?" అన్నాడు బాలకోటయ్య.

"ఇరవై ఏళ్ళు నీ చిల్లర గొడవ విన్నాను. ఈ ఒక్కసారికి నా మాట ఇను."

"ఇంట్లో ఉండాల్సింది మనం గదే. శేషారత్నం చూపు కోసం కట్టించారా దాన్ని?"

ఆమె పలకలేదు. పలకని ఆడమనిషిని గెలిచిన కండక్టరు లేడు. సోమవారం అడ్వాన్సు ఇద్దామన్నారు. మాలకొండయ్య ఫోనులో పంచాంగం తీశాడు. ఏడున్నరకు రాహుకాలం వస్తుంది, ఆ లోపే చేతులు మారాలి, ఆరున్నరకల్లా ఇంటి ముందు ఉండండి అని దివ్యంగా చెప్పాడు. ఆయన ఆ ఇంటిని ఎప్పుడూ మధ్యాహ్నం తప్ప చూపించడు. దానికి ఒక కారణముంది. పంచాంగం ధ్యాసలో పడి ఆ కారణమే మరిచిపోయాడు.

సోమవారం తెల్లారేసరికి ఆ వీధిలో నీళ్ళ ట్యాంకరు నిలబడి ఉంది. దాని చుట్టూ బిందెలు, అరుపులు. ఆ గుంపులో శేషారత్నం. జుట్టు ముడి ఊడిపోయింది, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుంది. "నా బిందె నెట్టావంటే మర్యాదగా ఉండదు" అని ఎవరితోనో తగాదా పడుతూ ఇటు తిరిగి, సామ్రాజ్యాన్ని చూసింది. చేతిలో బిందె నిండి పొర్లుతున్నా పక్కకు జరపలేదు.

"ఇంత పొద్దున్నే ఏందక్కా?"

"అడ్వాన్సు ఇద్దామని. నీ పక్కిల్లే."

శేషారత్నం కొంగుతో మొహం తుడుచుకుంది. "కొనుక్కో అక్కా. నాకూ తోడుంటది." బిందె దించి, ఎత్తి, మళ్ళీ దించింది. "వద్దులే అక్కా. మూడేళ్ళ నుంచి ఇదే బతుకు. బోరేస్తే బూడిద లేస్తది. నువ్వు చూస్తావనే మా ఇంటికి నిన్ను ఎప్పుడూ పొద్దున పూట పిలవలా."

"కుళాయి లైను వచ్చే నెలలో..." అందుకున్నాడు మాలకొండయ్య.

"ఆ నెల నాకూ చెప్పావు అన్నయ్యా. నాకు ఇల్లు చూపించింది నువ్వే గదా. మధ్యాహ్నం పూట."

సామ్రాజ్యం కొంగు నడుముకు దోపి, రెండో బిందె తాను ఎత్తుకుని తోడికోడలి ఇంట్లోకి మోసుకుపోయింది. వీధిలో ఫోను పట్టుకుని నిలబడ్డ మాలకొండయ్య భుజం మీద నేను ఎంత సంబరపడ్డానో చూసినవాళ్ళు లేరు. ముహూర్తం పెట్టింది ఆ ఫోనే కదా.

రాహుకాలం దాటాక అందరం బంగారమ్మ అరుగు మీద ఉన్నాం. సందులో వాళ్ళంతా ఏదో పని ఉన్నట్టు గోడ దగ్గరికి చేరారు. మాలకొండయ్య ఫోను తీసి, "ఇట్టా పక్కకు రా పెద్దమ్మా, రేటు మాట్లాడుకుందాం," అన్నాడు.

"నేను లేవలేను. ఇక్కడ చూస్తే గోడ నిండా చెవులే. భుజాన ఆ గుడ్డ ఎందుకు మోస్తున్నావయ్యా, చెమటకా?"

ఆ మాటకు నా పడుగూ పేకా పులకరించాయి. ఎన్నేళ్ళయింది ఆ పిలుపు విని. మాలకొండయ్య నన్ను పరిచి, అలవాటు ప్రకారం ముందు తన చెయ్యి దూర్చాడు. బంగారమ్మ ఆ చేతిని పక్కకు నెట్టింది.

"నీ చెయ్యి నాకు తెలుసులే. మా ఆయన ఎడ్లను ఎన్నిసార్లు నడుమ మింగావో అన్నం తినేటప్పుడు లెక్క చెప్పేవాడు. ఆ అమ్మాయి చెయ్యి పెట్టనీ."

"ఆడవాళ్ళు గుడ్డ కింద చెయ్యి పెట్టడం ఎక్కడుంది పెద్దమ్మా?"

"గుడ్డకు లేని సిగ్గు నీకెందుకు?"

సామ్రాజ్యానికి పద్ధతి చెప్పింది. అరచెయ్యి నొక్కితే పది, ఒక్కో వేలు పట్టుకుంటే ఒక్కో లక్ష, కొస గిల్లితే అర. కాదనుకుంటే చెయ్యి తిప్పెయ్యాలి.

నా కింద మొదటిసారి రెండు ఆడచేతులు కలిశాయి. ఒకటి చింతపండు జిగట. రెండోదాని చూపుడువేలి నిండా సూది పోట్లు. బంగారమ్మ నొక్కింది, పట్టుకుంది. సామ్రాజ్యం చెయ్యి తిప్పింది. మళ్ళీ నొక్కింది, ఒక వేలు వదిలింది. సామ్రాజ్యం మళ్ళీ తిప్పింది. చివరికి తన దగ్గర ఉన్నదెంతో ఆ వేళ్ళతోనే చెప్పేసి, ఇంకేమీ లేదన్నట్టు అరచెయ్యి తెరిచి ఊరుకుంది. బంగారమ్మ బొటనవేలు ఆ సూది పోట్ల మీద ఆగింది.

"ఏం కుడతావు?" అని పైకి అడిగింది.

"జాకెట్లు పెద్దమ్మా."

"నా జాకెట్టుకు చంక దగ్గర ఎప్పుడూ బిగుతే. ఎవరికీ చాతకాదు."

"నేను కుట్టి కందుకూరు పంపిస్తా."

నా కింద బంగారమ్మ వేలు సరేనన్నట్టు మెల్లగా మడతపడింది. బేరం అయిపోయింది.

ఎంతకో చెప్పను. ఇరవై ఏళ్ళ అద్దె మనిషి అప్పు లేకుండా ఇంటిదైంది, అంతవరకు చాలు.

"ఎంతకు తెగిందమ్మా?" అన్నాడు మాలకొండయ్య. జీవితంలో మొదటిసారి బేరం ఆయన్ను బయట కూర్చోబెట్టింది.

"కాగితం రాసేటప్పుడు చూసుకుందువులే," అంది బంగారమ్మ. ఇంతలో ఫోను మోగింది. మాట్లాడుకుంటూ లేచి పోయాడు. ఫోను చేతిలో ఉంది, నేను అరుగు మీద ఉన్నాను. వెనక్కు తిరిగి చూడలేదు. ముప్పై ఏళ్ళ కాపురం అలా తెగింది.

అప్పటినుంచీ ఈ నూతి గిలక పక్కనే ఉంటున్నాను. పెంకులు మార్పించారు. తెల్లారగానే శేషారత్నం వస్తుంది. సందు చివర ఆమె మొగుడు స్కూటరు ఆపుకుని ఉంటాడు. అంతవరకు బిందె నెత్తిన మోయాలి కాబట్టి సామ్రాజ్యం నన్ను చుట్టకుదురుగా చుట్టి తోడికోడలి తల మీద పెడుతుంది. సామ్రాజ్యానికి ఆ ఆర్చి మీద మనసు ఇంకా చావలేదు, అప్పుడప్పుడూ "ఆర్చికి రంగు వేయించావా?" అని అడుగుతుంది. శేషారత్నం నూతిలోకి తొంగిచూసి నిట్టూరుస్తుంది. ఇద్దరినీ చూస్తే నాకు నా మొహమే కనబడుతుంది.

మొన్న శేషారత్నం ఉండబట్టలేక అడిగేసింది. "నిజం చెప్పక్కా, ఎంతకు కొన్నావు?"

సామ్రాజ్యం అటూ ఇటూ చూసి, చుడుతున్న నన్ను విప్పి ఆమె చేతి మీద కప్పింది. లోపల అరచెయ్యి నొక్కింది. వేళ్ళు పట్టుకుంది.

"నాకేం అర్థం కాలా అక్కా."

"నేను చెప్పానా లేదా? పద, స్కూటరు హారన్ కొడుతున్నాడు."

ఆమె చెప్పింది నిజమైన ధరే. ఆ సంగతి తెలిసింది వాళ్ళిద్దరి చేతులు కప్పిన నాకే. మాలకొండయ్య జేబులో ఉన్నదాన్ని ఎవరైనా అడిగి చూడండి, దానికి తెలియదు.