నొక్కినవాళ్ల పేరు

ఆ కంపెనీలో నలభై జట్లు. రాసిన కోడ్‌ను ప్రోగ్రాంగా కూర్చి, పరీక్షించి, సర్వర్ల మీదికి చేర్చే పని ఒకప్పుడు ఏ జట్టుకు తోచినట్టు ఆ జట్టు చేసుకునేది. ఒకళ్లది ఇంకొకళ్లకు అర్థమైతే ఒట్టు. ఈ కథలో వదిన అనే ఆవిడ ఇంజినీరుగా వచ్చి ఆ సంతనంతా సర్దింది. అందరికీ కలిపి, ఆ పనులన్నీ వరసగా దానంతటదే చేసుకుపోయే ఒకే వర్క్‌ఫ్లో రాసిపెట్టి, మీ ఫైల్లో ఒక్క లైనుతో దీన్ని పిలుచుకోండి, మిగతాది నేను చూసుకుంటాను అంది. ఏ వెర్షన్ వాడాలని ఎవరో అడిగితే, నంబరూ గింబరూ ఏమీ వద్దు, ఎప్పుడూ తాజాదే తీసుకోండి, నేను మార్చినప్పుడల్లా నలభై గడపలెక్కి బతిమాలే ఓపిక నాకు లేదు అని తేల్చేసింది.

అందరూ సరేనన్నారు, అంబులెన్సులను పంపే ప్రోగ్రాం చూసుకునే జట్టు తప్ప. ఆ జట్టులో కోడ్ చూసుకునేది ఎవరో కాదు, ఆమె సొంత ఆడపడుచు. కాలు ఒకచోట నిలవదని ఇంట్లో అందరూ తూనీగ అంటారు. తూనీగ ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది. ఆరు నిండితే గానీ పర్మనెంటు చేయరు. పైగా ఒకసారి పొరపాటు చేసి మందలింపు కాగితం అందుకుంది. ఇంకొక్కటి జరిగితే ఇంటికే. అందుకే, మా పాత స్క్రిప్టు మాకుందిలే వదినా అని నసిగింది. వదిన ఊరుకుంటుందా? అన్నాల దగ్గరా బట్టలు మడతపెట్టే దగ్గరా వారం రోజులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరి మరీ ఒప్పించింది. మధ్యలో మొగుడు కలగజేసుకోబోతే, మీ చెల్లెలి బాగు కోసమే చెబుతున్నానని నోరు మూయించింది.

బుధవారం పొద్దున పదిన్నరకు వదిన ఆ వర్క్‌ఫ్లోలో చిన్న మార్పు చేసింది. కొత్త ప్రోగ్రాం సర్వర్ ఎక్కేముందు డేటాబేస్‌ను దానికి తగ్గట్టు సరిచేసే మెట్టు ఒకటుంటుంది. దానికి సమయం ఎక్కువ పడుతోందని, అక్కర్లేనివాళ్లు ఆపుకునేందుకు ఒక స్విచ్ పెట్టింది. తన పరీక్ష కోసం దాన్ని ఆపి ఉంచి నడిపింది. అంతా పాసైనట్టు తెర మీద పచ్చగా వచ్చింది. ఆ మురిపెంలో స్విచ్‌ను తిరిగి వేయడం మరిచి, అలాగే నలభై జట్ల మీదికీ వదిలేసింది.

పదీ నలభైకి తూనీగ బటన్ నొక్కి తన మార్పును విడుదల చేసింది. రెండు నిమిషాల తర్వాత అంబులెన్సుల కంట్రోల్ రూమ్‌లో తెరలన్నీ ఖాళీ అయిపోయాయి.

చిరునామాలు కాగితం మీద రాసుకుని డ్రైవర్లకు ఒక్కొక్కరికే ఫోన్ చేసి చెబుతున్నామని అక్కడినుంచి కబురొచ్చింది. తూనీగ చేసిందల్లా రోగి వివరాల్లో ఇంకో ఫోన్ నంబరుకు చోటు పెట్టడం. వదిన పరుగున వచ్చి ఆమె భుజం మీదుగా, జరిగిన ప్రతి మెట్టూ నమోదయ్యే లాగ్ చదివింది. డేటాబేస్ మెట్టు దాటేసినట్టు రాసి ఉంది. కొత్త ప్రోగ్రాం వెతుకుతున్న ఆ రెండో నంబరు గడి డేటాబేస్‌లో లేనే లేదు. వదిన ఆ లైను ఇంకోసారి చదివింది. ఆ స్విచ్ తనది.

చెప్పలేదు. ఇప్పుడు చెప్పే సమయం కాదు అనుకుంది, అందులో సగం నిజమే. తన సీటుకు పోయి ముందు మిగతా జట్లన్నిటికీ ఎవరూ ఏమీ విడుదల చేయొద్దని కబురు పెట్టింది. వరసలో నిలబడ్డ ఇంకో రెండింటిని ఆపేసింది. స్విచ్ వేసి, తూనీగ పని మళ్లీ మొదలుపెట్టించింది. కోడ్ కూర్చడం అయింది. పరీక్షలు మొదలయ్యాయి. వాటిని తొందరపెట్టడం ఎవరి తరమూ కాదు. స్పీకర్ ఫోన్లో కంట్రోల్ రూమ్ మనిషి, ఛాతీ నొప్పితో పడిపోయిన పెద్దాయన ఇల్లు దొరక్క డ్రైవరు పక్క వీధిలో తిరుగుతున్నాడని చెబుతున్నాడు. తూనీగ తెర కేసి చూస్తూ గోళ్లు కొరుక్కుంటోంది.

పదకొండూ ఒకటికి తెరలు తిరిగి వెలిగాయి. పెద్దాయన దగ్గరికి బండి తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా చేరింది. అదృష్టం బాగుండి బతికాడు.

పన్నెండింటికి డైరెక్టర్ ఇద్దరినీ పిలిచాడు. గోడ మీది తెరపై లాగ్ పెట్టాడు. అందులో ఒక తిరకాసుంది. వర్క్‌ఫ్లో ఎవరు రాసినా, లాగ్ నెత్తిన పడేది నొక్కినవాళ్ల పేరే. అక్కడ తూనీగ పేరు ఇంతింత అక్షరాల్లో ఉంది.

"ఇది రెండోసారి కదమ్మా," అన్నాడు డైరెక్టర్.

"నొక్కింది నేనే సార్," అంది తూనీగ. "ఆ మెట్టు ఎందుకు దాటేసిందో మాత్రం నాకు ఇంకా తెలియలేదు."

వదిన ఆమె కేసి చూసింది. రెండేళ్లు రెక్కలు ముక్కలు చేసుకుని చేసిన పని, వచ్చే నెల రావాల్సిన ప్రమోషన్, ఈ మనిషి మాటంటే రాతి మీద గీతే అనుకునే నలభై జట్లు. పిల్ల ఎలాగూ ఒప్పేసుకుంది. చదువుకున్నది, ఇంకో ఉద్యోగం దొరక్కపోదు. ఆ ఆలోచన తనదేనని వదినకు తెలుసు. అయినా లాగ్ కేసే చూస్తూ నిలబడింది. డైరెక్టర్ సొరుగు లాగి, ఉద్యోగంలోంచి తీసేసే కాగితం బయటికి తీశాడు, పెన్ను మూత తిప్పాడు.

"ఆ స్విచ్ నాది సార్," అంది వదిన. "నేనే ఆపి, వేయడం మరిచిపోయాను. ఆ అమ్మాయి తప్పు ఇసుమంతైనా లేదు."

డైరెక్టర్ పెన్ను మూత పెట్టేశాడు. తర్వాత కాగితం సొరుగులో పెట్టేసి, ఇకనుంచి ప్రతి జట్టూ ఏ వెర్షన్ వాడుతుందో నంబరు వేసుకోవాలనీ, విచారణ ముగిసేదాకా ఆ వర్క్‌ఫ్లో మీద వదిన చెయ్యి వేయకూడదనీ చెప్పాడు. ప్రమోషన్ మాట ఎత్తనే లేదు.

మెట్ల దగ్గర తూనీగ ఆగింది. వదిన ఆమె చెయ్యి పట్టుకోబోయింది.

"లాగ్ చదివినప్పుడే నీకు తెలుసు కదూ?" అని అడిగింది తూనీగ.

"తెలుసు."

"మరి ఆయన కాగితం తీసేదాకా ఎందుకాగావు వదినా?"

అబద్ధాలు రెండు మూడు నాలుక చివరిదాకా వచ్చాయి. వదిన వాటిని మింగేసింది. "నువ్వు ఒప్పేసుకున్నావుగా, దాంతో సరిపోతుందేమో అనుకున్నాను," అంది. చెప్పాక సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

తూనీగ కళ్లు తుడుచుకుంది. "అన్నయ్యకు నేను చెప్పను," అంది. "చెబితే నువ్వే చెప్పు. ఎందుకాగావో, ఇది కూడా." సాయంత్రం బస్సులో వస్తాననీ, తన కోసం ఆగొద్దనీ చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయింది.

వదిన అక్కడే మెట్టు మీద కూలబడి మొగుడికి ఫోన్ చేసింది. ఆయన హలో అన్నాడు. "ఈరోజు తప్పు నాదండీ, తూనీగ నెత్తిన పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను," అని మొదలుపెట్టింది.