చారలేని అంటుచేపలు

మౌజా గేలానికి పడిన ఆ చేపను మొదట ఎవరూ లక్ష్యపెట్టలేదు. జానెడైనా లేదు. పొట్టిగా, మందంగా, పొగచూరిన కుండ రంగులో ఉంది. ఆమె దాన్ని గేలం నుంచి తప్పించి బకెట్లో వేయబోతే, తలతో ఆమె అరచేతికి అతుక్కుపోయింది.

"ఒరేయ్ ముసబ్బహ్! ఇదెవడో నన్ను పెళ్లాడతానంటున్నాడురా. చెయ్యి వదలట్లేదు!" అని ఆమె కూర్చున్న చోటు నుంచే తమ్ముణ్ణి కేకేసింది.

"వద్దని చెప్పక్కా. పసివాడు, నీతో ఏం వేగుతాడు?" అన్నాడు ముసబ్బహ్.

జెట్టీ చివర మోకుల దగ్గర నిలబడ్డవాళ్లందరూ నవ్వారు. ఆనాడు నవ్వడానికి కారణముంది. కవళ్లు, ఆ చిన్న వెండి చేపలు, గుంపులుగా వచ్చాయి. తెల్లవారుతూనే జెట్టీ కొమ్ము నుంచి ఎదురుగా ఉన్న నల్లరాతి దాకా పెద్ద వల వేసి, ఒడ్డులోకి చొచ్చుకువచ్చిన మా కయ్య నోరు మూసేశారు. ఆటుపోటు తిరగగానే లాగడమే తరువాయి. ఊరికి ఉన్నది ఆ ఒక్క వలే. పాతది తుపానులో పీలికలైపోగా, ఎండాకాలమంతా ఇంటింటా కూర్చుని ఆడా మగా కలిసి దీన్ని అల్లారు. దీనికి ఏదైనా జరిగితే ఆ ఏటికి కవళ్ల వేట ముగిసినట్టే. వల బాధ్యత చూసే పెద్ద ముసబ్బహ్ ఆ సంగతి మరిచిన క్షణం ఉండదు. వలను తేల్చే ప్రతి బెండునూ తన చేత్తో తడిమి గాని నీళ్లలోకి దింపనివ్వలేదు.

ఈ ఊరి బడికి నేను ప్రధానోపాధ్యాయునిగా పనిచేసి పదవీవిరమణ చేశాను. అంతకుముందు జాంజిబారు దీవిలో ప్రకృతిశాస్త్రం బోధించాను. ఆ శాస్త్రం నేర్చుకున్నదీ అక్కడే, ఇంగ్లీషు అధ్యాపకుల వద్ద. పరీక్షించకుండా ఏ ప్రాణికైనా పేరు పెట్టడం వారి దృష్టిలో అబద్ధమాడటంతో సమానం. ఆ శిక్షణను నేను నేటికీ గౌరవిస్తాను.

మౌజా చెయ్యి చాపుకుంటూ జెట్టీ మీద నేను కూర్చున్న బల్ల దగ్గరికి వచ్చింది.

"ఉస్తాద్, మీరే దీనికి బుద్ధి చెప్పాలి. ఎవరిది ఈ పిల్ల?"

"అంటుచేప గదా పెద్దమ్మా," అన్నాడు పడవలోంచి హిలాల్. అతను ముసబ్బహ్ మేనల్లుడు. నోరు మూసుకుని ఉండటం అతనికి చేతకాదు. "పడవల కింద అంటుకుని తిరిగే సోమరిపోతు. అచ్చం మా చిన్నమామ. తిండి ఎక్కడుంటే అక్కడే కాపురం."

నేను చేపను మెల్లగా ముందుకు జరిపి ఆమె చేతి నుంచి విడదీశాను. తల మీద చెప్పు అడుగును పోలిన బిళ్ల ఉంది; అంటుచేపే, సందేహం లేదు. కాని మా పడవలనూ తాబేళ్లనూ పట్టుకుని తిరిగే రకం సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కంటి నుంచి తోక దాకా నల్లని చార, దాని అంచుల వెంట తెలుపు. పిల్ల చేపలో ఆ చార మరీ స్పష్టం. దీనికి చారే లేదు.

నేను ఇంకా చూస్తూ ఉండగానే మౌజా తన గేలం దగ్గరికి వెళ్లి మరొకటి పట్టింది. ఆ వెంటనే ఇంకొకటి. మూడూ ఒకే తీరు.

కళ్లజోడు పెట్టుకుని, తల మీది బిళ్లలో అడ్డంగా ఉన్న పలకలను గోటితో ఒక్కొక్కటే దాటుతూ లెక్కించాను.

"ఏంటి ఉస్తాద్, ఒంటెను బేరమాడుతున్నారా, పళ్లు లెక్కపెడుతున్నారు?" అన్నాడు హిలాల్.

చారల రకానికి ఆ పలకలు ఇరవై దాటుతాయి. దీనికి పద్దెనిమిది. రెండవదానికీ, మూడవదానికీ అంతే.

విద్యార్థిగా ఉన్నప్పుడు ఒకే ఒక్కసారి ఈ పొట్టి నల్ల చేపలను చూశాను. జాంజిబారు ఇసుకలో చచ్చి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఒక తిమింగల సొర మహాకాయాన్ని పట్టుకుని ఉన్నాయవి. చారల రకం ఏ పడవనైనా, ఏ దుంగనైనా ఆశ్రయిస్తుంది. ఇది అలా కాదు. నడిసముద్రపు జీవి, తనను మోసే సొరను విడిచి దూరం పోదు. ఎరను చూసి నాలుగు బారలు పక్కకు వచ్చి ఉంటుంది, అంతే.

మౌజా గేలం వేసింది జెట్టీకి లోపలి వైపు. వల తెల్లవారినప్పటి నుంచి కట్టే ఉంది. అంటే వీటిని మోసుకువచ్చినది వల లోపల ఉంది.

ఆ వాక్యం నా మనస్సులో పూర్తవగానే మూడు చేపలనూ బకెట్లో వేశాను. లేచి నీళ్లలోకి చూశాను. కొద్దిరోజులుగా నీరు నాచుపట్టినట్టు చిక్కబడి, మోచేతి లోతున కూడా ఏమీ కనపడటం లేదు. పైన కవళ్ల తళుకు తప్ప మరేమీ లేదు. ఆ పచ్చదనం కింద ఏదో నిశ్శబ్దంగా తిరుగుతోందని నా ఒక్కడికే తెలుసు.

"ముసబ్బహ్, వల లాగకండి," అన్నాను. "లోపల తిమింగల సొర ఉంది."

"ఎక్కడ? చూశారా మీరు?"

"చూడలేదు. దాని మీద ఉండే చేపలను చూశాను."

"ఎంతుంటుందేం?" అన్నాడు హిలాల్.

"నువ్వు నిలబడ్డ పడవ కంటే పెద్దది."

పడవలో వాళ్లు విరగబడి నవ్వారు. "ఈ మూడు వేలెడు చేపలు చెప్పాయా ఉస్తాద్ ఇదంతా?"

ముసబ్బహ్ నవ్వలేదు. "ఉస్తాద్, నీళ్లు చూడండి, అన్నం ఉడికినట్టు ఉడుకుతున్నాయి. ఊరు ఊరంతా బుట్టలేసుకుని ఒడ్డున కూర్చుంది. కళ్లతో చూడనిదానికి నన్ను మోకు విప్పమంటారా?"

"నా మాట తప్పయితే ఇవాళ్టి కవళ్లు పోతాయి. నిజమై, మీరు వల లాగితే, అది బెదిరి వలను చుట్టుకుని చీల్చుకుపోతుంది. లేదా అందులోనే చస్తుంది. నిర్ణయం మీది."

"నీకింకా ఆలోచనేంట్రా?" అంది మౌజా, ఈసారి పరిహాసం లేకుండా. "అల్లీ అల్లీ నా వేళ్లు కాయలు కాశాయి. కవళ్లు రేపైనా వస్తాయి. వల ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ముసబ్బహ్ వంగి బకెట్లోని చేప తల మీద వేలు పెట్టాడు. అది అంటుకుంది. వేలు విడిపించుకుని లేచాడు.

"హిలాల్, మోకు విప్పు."

"మామా! నిజంగానా?"

"విప్పరా!"

జెట్టీ వైపు మోకు జారిపోయింది. బెండ్ల వరస వంగి, వల తలుపులా తెరుచుకుంది. కవళ్లు వెండిలా ధారకట్టి బయటికి సాగాయి. ఒడ్డు మీద ఆడవాళ్లు లేచి అరవసాగారు. ఎంతకూ ఇంకేదీ రాలేదు.

"ఉస్తాద్ గారి సొరకి సలాం చెప్పండ్రోయ్, మన కూడు పోతోంది," అని గొణిగాడు హిలాల్. పద్దెనిమిది పలకలు తప్ప నా చేతిలో మరో సాక్ష్యం లేదు.

అంతలో మిగిలిన కవళ్లు రెండుగా చీలాయి.

మధ్యలో ఏర్పడిన దారిలో సముద్రపు అడుగే కదిలి పైకి వస్తున్నదనిపించింది. పలక రంగు నేల మీద తెల్లని చుక్కలు, వరుసలు వరుసలుగా, ఎవరో ఓపికగా అద్దినట్టు. ఆ తర్వాతే అది వీపని అర్థమైంది. బల్లపరుపు తల, దాని కొసన పడవ వెడల్పున తెరుచుకున్న నోరు. అది మా కాళ్ల పక్కనే, జెట్టీ అంచును ఆనుకుని, తొందర లేకుండా సాగింది. తల దాటింది. మొప్పలు దాటాయి, వాటి అంచున పొట్టి నల్ల చేపలు బారులు తీరి అంటుకుని ఉన్నాయి. వీపు ఇంకా వస్తూనే ఉంది. మౌజా బకెట్టు నీళ్లలోకి వంచేసింది. ఆ మూడూ దాన్ని చేరాయో లేదో చూడలేకపోయాను, అప్పటికి తోక వచ్చింది. మనిషి నిలువును మించిన తోక ఒక్కసారి పక్కకు ఊగితే జెట్టీ స్తంభాలు కదిలి, నీళ్లు లేచి మా మడమలు తడిపాయి. అది వల తెరుచుకున్న చోటున, ఒక్క బెండునైనా తాకకుండా, బయటి సముద్రంలోకి వెళ్లిపోయింది.

"సుబ్‌హానల్లాహ్," అన్నాడు హిలాల్. అతను పడవ అంచును రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. ఒడ్డు మీద అరుపులు ఆగిపోయాయి.

ముసబ్బహ్ వదులుగా తేలుతున్న వల కొంగును పైకి లాగి, కన్ను కన్నూ వేళ్లతో తడిమాడు. ఎక్కడా తెగలేదు.

"ఎక్కణ్ణుంచి వచ్చింది ఉస్తాద్ అది?" అన్నాడు, తల ఎత్తకుండానే.

"తెలియదు."

"ఎక్కడికి పోతుంది?"

"అదీ తెలియదు. ఎవరికీ సరిగ్గా తెలియదు."

అతను తల ఊపాడు. లోపల ఇంకా కొన్ని కవళ్లు తళుక్కుమంటున్నాయి. కుర్రవాళ్లు వాటిని చూసి మళ్లీ మోకు అందుకోబోయారు.

"ఆగండ్రా," అన్నాడు ముసబ్బహ్. "దాని వాళ్లెవరైనా వెనక ఉన్నారేమో. కాసేపు దారి ఉండనివ్వండి."

కుర్రవాళ్లు మోకు వదిలేశారు. ఒడ్డున ఆడవాళ్లు ఖాళీ బుట్టలు నడుముకు ఆనించుకుని నీళ్లవైపే చూస్తూ నిలబడ్డారు. ఇంటికి పోదామని ఎవరూ అనలేదు.