పూసేది చదవలేదు

మాత్ర ఆపేస్తే మనిషి ఎంత బరువెక్కిపోతుందో నాకు ఇప్పుడు తెలిసొచ్చింది. మెడ కోసి, థైరాయిడ్ గ్రంథినీ అందులో పుట్టిన క్యాన్సర్‌నీ తీసేశారు. ఇంకా ఎక్కడైనా పిసరంత మిగిలి ఉంటే దాన్ని చంపడానికి రేడియో అయోడిన్ గుళిక మింగాలి. అది పనిచేయాలంటే ఒళ్ళు అయోడిన్‌కి మొహం వాచి ఉండాలట. అందుకని రోజూ వేసుకునే థైరాయిడ్ మాత్ర ఆపించారు. ఉప్పు, పాలు, గుడ్డు, చేప, అన్నీ మాన్పించారు. ఒంటి సంగతేమో గానీ ముందు నా మొహమే వాచింది.

నేను సిటీ బస్సు డ్రైవర్ని. ఎంత ఇరుకు సందులోనైనా అద్దం గీసుకోకుండా బస్సు తిప్పినదాన్ని, ఇప్పుడు మంచానికీ స్నానాల గదికీ మధ్య గోడ పట్టుకుని నడుస్తున్నాను. బయట ఎండ మండిపోతుంటే ఒంటిమీద స్వెట్టరు, కాళ్ళకి మేజోళ్ళు. ‘ఈమె బస్సుకి హారన్ దేనికి, గొంతుంటే చాలు’ అని డిపోలో ఏడిపించేవాళ్ళు. ఆపరేషన్ తర్వాత ఆ గొంతు కాస్తా గరగరమంటోంది. మా వీధిలోంచి నా బస్సే వెళ్తుంది. కిటికీ దగ్గర కూర్చుని చూస్తాను. ఆ కొత్త డ్రైవరు మలుపులో గేరు మార్చే చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. వైద్యం పూర్తయిందని ఆసుపత్రివాళ్ళు చెబితే గానీ స్టీరింగు ముట్టుకోనివ్వనన్నాడు మేనేజరు.

మా ఆయన వడ్రంగి. నోట్లో నాలుక లేని మనిషి. అలాంటివాడు నా పథ్యం దగ్గర పోలీసై కూర్చున్నాడు. ఇంట్లోకి ఏ పొట్లం వచ్చినా కళ్ళజోడు ముక్కుమీదకి లాక్కుని, అందులో ఏమేం కలిపారో వేలు పెట్టి చదవాల్సిందే. బిస్కెట్లు చదివాడు, కారం చదివాడు, చివరికి మంచినీళ్ళ సీసా కూడా చదివాడు.

“ఒరేయ్, చిటికెడు ఉప్పేస్తే ఏం కొంప మునుగుతుందిరా? ఆ గడ్డి ఎలా తింటుంది పిల్ల?” అనేది మా అత్త.

“అమ్మా, డాక్టరమ్మ ఏం చెప్పింది? ఉప్పులో అయోడిన్ కలుపుతారు. బస్సులో సీట్లన్నీ ముందే నిండిపోతే మన మందు ఎక్కడ ఎక్కుతుంది?”

“నేను డ్రైవర్నని ఆవిడ అలా చెప్పింది. నువ్వు దాన్నే వేదంలా పట్టుకున్నావు,” అన్నాను.

నాకు తోడుగా మా అత్త కూడా ఉప్పు మానేసింది. రెండో ముద్దకి ఆవిడ మొహం చూడాలి! నవ్వబోయాను గానీ, చెంపలు బిగిసిపోయి నవ్వు రాలేదు. ఆవిడ ఆ కంచం వదలకుండా తిన్నది. నాకు ఏడుపొచ్చింది.

గుళిక మింగాక నా ఒంట్లోంచి కిరణాలు వస్తాయట. ఆసుపత్రిలో మందపాటి గోడల గదిలో ఒక్కదాన్నే ఉండాలి. ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్ళు వెనక గదిలో ఎవరికీ దగ్గరగా పోకూడదు. ఆ గది తలుపు పక్కన, కంచం పెట్టి పక్కకి తప్పుకోవడానికి వీలుగా మా ఆయన ఒక బల్ల చేయడం మొదలెట్టాడు. చెక్కలు నడవలో పరిచాడు. నా కాళ్ళేమో నా మాట వినడం మానేసి చాలా రోజులైంది. తట్టుకుని పడ్డాను. మోకాలి కింద చర్మం ఇంత మేర చీరుకుపోయింది.

ఆయన పరుగెత్తుకొచ్చాడు. రక్తం చూసి మొహం పాలిపోయింది గానీ చేతులు ఆగలేదు. వడ్రంగి పనిలో ఉలి తగలని రోజు ఉండదు. తగిలిన వెంటనే గోధుమరంగు మందు పూసి గుడ్డ కట్టేయడం వాళ్ళ షెడ్డులో అందరికీ అలవాటు. ఆ పెద్ద సీసానే ఇంటికి తెచ్చాడు. దానిమీద కాగితం కనపడకుండా జిగురూ రంపపుపొట్టూ అట్టకట్టి ఉన్నాయి. ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం కట్టు విప్పి, దూదిని ఆ మందులో బాగా తడిపి, చెక్కకి పాలిష్ పెట్టినంత ఓపికగా అద్దేవాడు. నేనేమో రాణిగారిలా కాలు చాపుకుని కూర్చునేదాన్ని.

ఆసుపత్రిలో చేరడానికి ముందురోజు మధ్యాహ్నం ఆయన నా సంచి సర్దుతున్నాడు. నాకు తోచక ఆ సీసా తీసి, ఎండిన జిగురు గోటితో గీకుతూ కూర్చున్నాను. పొర ఊడింది. కింద అక్షరాలు కనిపించాయి.

“ఏమయ్యా, ఇటు రా. ఇది చదువు.”

కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. పోవిడోన్ అయోడిన్. సీసా వెలుగుకి తిప్పి మళ్ళీ చదివాడు.

“ఇది... పైన పూసేదే కదే?”

“అంత పుండులోంచి లోపలికి పోదూ?”

“తినేవన్నీ చదివానే. పూసేది చదవాలని తట్టనే లేదు.”

తాళం వేసి గొళ్ళెం మరిచిపోవడమంటే ఇదే. ఆయన్ని చూస్తే జాలేసింది, పీక పిసికేయాలనీ అనిపించింది. చివరికి కోపమే గెలిచింది.

“రేపు అక్కడ నోరెత్తావో, చూడు! తెలిస్తే వాయిదా వేస్తారు. మళ్ళీ ఈ మంచం, ఈ గోడ, ఈ చలి. నా వల్ల కాదు.”

“మందు పనిచేయకపోతే?”

“చేస్తుందిలే!”

గట్టిగానే అన్నాను గానీ నాకు భయంగానే ఉంది. చెబితే ఈ గది నన్ను వదలదు. చెప్పకపోతే ఒంట్లో ఏం మిగిలిపోతుందో తెలియదు. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. ఆయన లేచి నీళ్ళు తెచ్చాడు. సబ్బుతో నా పుండు కడిగాడు, కడిగిందే కడిగాడు.

మర్నాడు ఆసుపత్రిలో నర్సు ఎదుట కూర్చున్నాం. తెరిచి ఉన్న తలుపులోంచి నా గది కనిపిస్తోంది. పంపులకీ ఫోనుకీ ప్లాస్టిక్ తొడుగులు, బ్యాంకు లాకరుకుండేంత మందం తలుపు. జైల్లోకి పోవడానికి ఇంత తొందరపడతానని నేనెప్పుడూ అనుకోలేదు.

“ఈమధ్య స్కానింగు కోసం రంగు మందేమైనా ఎక్కించారా?” అడిగింది నర్సు.

“లేదు.”

“దగ్గు మందు? ఒంటికి రాసుకునేవి ఏమైనా?”

“ఏమీ లేవమ్మా,” అన్నాను. అబద్ధమని నా మొహం చూసి ఎవరూ కనిపెట్టలేరు. వాచిన మొహంలో ఏం కనిపిస్తుంది?

“ఉందమ్మా,” అన్నాడు మా ఆయన.

కాలితో ఆయన కాలు తొక్కాను. ఆయన ఆగలేదు. “అయోడిన్ మందు. కాలి పుండుకి నేనే పూశాను, రోజుకి రెండుసార్లు. అదేం మందో తనకి తెలీదు. తప్పు నాదే.”

మూత్రం పరీక్ష చేశారు. డాక్టరమ్మ ఫలితం చూసి తల అడ్డంగా ఊపింది. “చాలా ఎక్కువగా ఉంది. ఇవాళ గుళిక ఇస్తే దండగ. మిగిలిందేమైనా ఉంటే అది హాయిగా అలాగే ఉంటుంది. చంపేశామని మనం హాయిగా నిద్రపోతాం. ఇప్పటికి మాత్ర మళ్ళీ మొదలుపెట్టండి. అయోడిన్ తగ్గాక చెబుతాను, అప్పుడు మళ్ళీ ఆపుదాం.”

“మళ్ళీ మొదటినుంచా?”

“మొదటినుంచే.”

నా కళ్ళముందే ఆ గదిలోకి ఇంకెవరినో పంపి తలుపు వేశారు. నడవలో బెంచీమీద కూలబడ్డాను. ఆయన సంచి పట్టుకుని, బెంచీకి ఆ చివర అతిథిలా కూర్చున్నాడు.

“ఇన్నేళ్ళలో ఒక్కరోజు నోరు విప్పవు. విప్పక విప్పక ఇవాళే విప్పాలా?”

“నువ్వు లోపలికెళ్ళి ఉత్తి గుళిక మింగి వచ్చావనుకో,” అన్నాడు నేల చూస్తూ. “రేపు నువ్వు మెడ తడుముకున్నా, కాస్త దగ్గినా నాకు గుండె ఆగిపోతుంది. పూసిందీ నేనే, నోరు మూసుకుందీ నేనే అని. నా వల్ల కాదే. నువ్వు బస్సెక్కకపోయినా ఫరవాలేదు. నన్ను తిట్టు, ఎంతైనా తిట్టు. తిట్టడానికి నువ్వు ఉండాలి, అంతే.”

తిట్టాను. చెక్క మొహం అన్నాను, నా ప్రాణానికి దాపురించావన్నాను, అన్నీ అన్నాను. ఏడుస్తూ తిడుతుంటే ఆ గరగర గొంతులోంచి సగం మాటలు పైకి రావడం లేదు. ఆయన సంచి కింద పెట్టి, సరిగ్గా వినపడటం లేదని పక్కకి జరిగి కూర్చున్నాడు.